వాన నీటి కాలువలకు ప్రణాళిక వేయించుకున్నాం: ఒక కన్సల్టెన్సీ సేవపై సమీక్ష

విజయవాడ తూర్పు వైపున, రెండు సాగు కాలువల నడుమ పల్లంగా ఉన్న మా కాలనీల సంక్షేమ సంఘాలన్నీ కలిసి, వీధుల్లో వాన నీరు నిలిచిపోయే సమస్యకు ముక్కలు ముక్కలుగా కాక ఒకే ప్రణాళిక ఉండాలని నిర్ణయించుకుని, ఆ పనిని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కన్సల్టెన్సీకి అప్పగించాయి. సర్వే, వర్షపు లెక్కలు, కాలువల డిజైను, అంచనా వ్యయం అన్నీ కలిపి అధికారుల ముందు పెట్టదగిన సమగ్ర నివేదిక, అంటే అందరూ డీపీఆర్ అని పిలిచే పుస్తకం, తయారు చేసి ఇవ్వడం వారి బాధ్యత. ఫీజు ఇంటికి కొన్ని వందల రూపాయల చొప్పున వసూలైంది. సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు ఈ రంగంలో ఉన్న చాలా సంస్థలకు వర్తించేవే కాబట్టి, ఇలాంటి సేవ తీసుకోవాలనుకునే ఇతర కాలనీలవారికి పేరుకంటే వివరమే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

ప్రభుత్వం చేయవలసిన పనికి ప్రజలు డబ్బు పెట్టడమేమిటన్న ప్రశ్న మా సమావేశాల్లోనూ వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత విజయవాడలో వాన నీటి కాలువల కోసం కేంద్రం దాదాపు రూ. 461 కోట్లు కేటాయించడం, పనులు కొన్ని పేటల్లో జరిగి మరికొన్ని చోట్ల సగంలో నిలిచిపోవడం నగరవాసులకు తెలిసిన సంగతే. నిధులు మళ్లీ ఎప్పుడు వచ్చినా, ముందుగా లెవెళ్లతో సహా కాగితం సిద్ధంగా ఉన్న పేటకే పని త్వరగా దక్కే అవకాశం ఉంటుంది. ఈ ప్రణాళికకు ముందు మా దగ్గర జరిగినదంతా వీధికొక కాలువ, కాలువకొక కాంట్రాక్టరు అన్న పద్ధతే. ఒక వీధివారు తమ సైడు కాలువను లోతు చేయించుకుంటే ఆ నీరు పక్క వీధిలో తేలేది. ఆ పక్క వీధివారు రోడ్డు ఎత్తు పెంచుకుంటే మొదటి వీధివారి వరండాల్లోకి వచ్చేది.

ఈ సేవలో నిస్సందేహంగా మెచ్చుకోవలసిన భాగం సర్వే. నీరు పల్లమెరుగు అన్న మాట నిజమే గాని, డెల్టా నేలలో ఆ పల్లం కంటికి కనిపించేది కాదు. వంద మీటర్ల పొడవున బెత్తెడు తేడా కూడా ఉండని చోట, చూపుతో వాటం నిర్ణయించడం అసాధ్యం. కన్సల్టెన్సీ వారు దూరాలు, ఎత్తులు కొలిచే టోటల్ స్టేషన్ అనే పరికరంతో వీధులన్నీ కొలిచి, ఎత్తు తేడాలు చూపే ఆటో లెవెల్‌తో సరిచూసి, మలుపు మలుపునా గోడల మీద ఎర్ర రంగుతో లెవెల్ గుర్తులు వేశారు. అంతకంటే ముఖ్యంగా, రోడ్డు పై మట్టం ఒక్కటే కొలిచి ఊరుకోకుండా, కాలువల మీది పలకలు లేపించి, అడుగు మట్టం కూడా తీసుకున్నారు. చాలామంది చేయని పని ఇదే. డ్రోను ఎగరేసి అందమైన పటం ఇవ్వడం సులువు. పలక కింద ఏముందో డ్రోనుకు కనిపించదు.

పలకలు లేపినప్పుడు బయటపడినవి చూస్తే, ఇన్నాళ్లూ వీధులు మునగడంలో ఆశ్చర్యమేమీ లేదనిపించింది. ప్రధాన కాలువలో ఒక భాగం, రెండు కూడళ్ల మధ్య, ఎదురు వాటంతో కట్టి ఉంది. అంటే నీరు ముందుకు పోవాలంటే ముందుగా వెనుక భాగమంతా నిండాలి. కూడలి కింది కల్వర్టులో, సరిగ్గా నడుము ఎత్తున, ఒక తాగునీటి పైపు, దానిని ఆనుకుని రెండు కేబుల్ గొట్టాలు అడ్డంగా పోతున్నాయి. వాటికి తగులుకుని కొబ్బరి డొక్కలు, చిరిగిన బొంత ముక్క, పాల ప్యాకెట్లు, పూజ తర్వాత పారేసిన పూలదండల నారలు ఒక గోడలా పేరుకుపోయి ఉన్నాయి. బయటి నుంచి చూస్తే వెడల్పైన కల్వర్టు. లోపల నీరు పారే దారి దానిలో సగం కూడా లేదు. సర్వేయరు టేపు పట్టుకుని లోపలికి దిగి, ఆ అడ్డంకి పైన ఎంత ఖాళీ ఉంది, కింద ఎంత ఉంది విడివిడిగా కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. నివేదికలో ఆ కల్వర్టుకు ఒక పూర్తి పేజీ, ఫొటోతో సహా కేటాయించారు. ఆ ఒక్క పేజీకే ఫీజులో కొంత భాగం గిట్టుబాటైందని మా కోశాధికారి అన్నారు.

వర్షపు లెక్కల దగ్గరకు వచ్చేసరికి మొదటి ముసాయిదా నిరాశపరిచింది. వారు రోజువారీ వర్షపాతాన్ని తీసుకుని దాన్ని గంటల సగటుగా మార్చి, ఆ సగటు మీద కాలువల పరిమాణం నిర్ణయించారు. వీధి కాలువను ముంచేది రోజంతా కురిసిన వాన కాదు, అందులోని పావుగంట ఉధృతి. భారత వాతావరణ శాఖ వాడుకలో ఉన్న ఒక సులభ సూత్రం ప్రకారం, 24 గంటల్లో 150 మి.మీ. కురిసే వాన గరిష్ఠంగా ఒక గంటలో సుమారు 52 మి.మీ., పదిహేను నిమిషాల్లో సుమారు 33 మి.మీ. కురుస్తుందని అంచనా వేయవచ్చు. ఆ పదిహేను నిమిషాల వేగాన్ని గంటకు లెక్కిస్తే 131 మి.మీ. అవుతుంది. అదే 150 మి.మీ.ని 24తో భాగించిన వారికి గంటకు 6 మి.మీ. కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే వీధిలో నిలిచే నీరు. మా సంఘంలో ఉన్న ఒక విశ్రాంత ఇంజినీరు ఈ సంగతి ఎత్తిచూపాక, వారు తక్కువ వ్యవధి వర్షపు రికార్డుల ఆధారంగా వాన తీవ్రత, వ్యవధి, పునరావృతి (అంటే అలాంటి వాన ఎన్నేళ్లకొకసారి వస్తుందన్నది) మధ్య సంబంధాన్ని చూపే రేఖలు గీసి లెక్కంతా మళ్లీ చేశారు. అడగకపోతే చేసేవారు కాదనే నా అనుమానం.

ఎన్నేళ్లకొకసారి వచ్చే వానకు కాలువ కట్టాలన్న చర్చ మాత్రం వారు చక్కగా నడిపించారు. దేశంలో చాలాకాలం పాటించిన పాత ప్రమాణాల ప్రకారం, శివారు నివాస ప్రాంతాల్లో కాలువలు ఏడాదికి రెండుసార్లు పొంగినా ఫరవాలేదు, నగర మధ్యభాగంలో ఏడాదికి ఒకసారి, ఖరీదైన వాణిజ్య ప్రాంతాల్లో రెండేళ్లకొకసారి పొంగవచ్చు అన్నట్టు డిజైను చేసేవారు. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2019లో వాన నీటి పారుదల వ్యవస్థల మీద ప్రత్యేకంగా ఒక మాన్యువల్ తెచ్చి ఆ ప్రమాణాలను పెంచింది. మా కాలనీవారిలో చాలామంది, ఎంత వాన వచ్చినా నీరు నిలవకూడదు అనే పట్టుదలతో సమావేశానికి వచ్చారు. కన్సల్టెన్సీ ఇంజినీరు రెండేళ్లు, అయిదేళ్లు, పదేళ్లు అని మూడు రకాల కాలువలకు మూడు ఖర్చులు పక్కపక్కనే వేసి చూపించి, పదేళ్ల వానకు కావలసిన కాలువ కొన్ని వీధుల్లో రోడ్డు వెడల్పులో మూడో వంతును మింగేస్తుందని వివరించాక, అందరూ అయిదేళ్ల ప్రమాణానికి అంగీకరించారు. ఇలాంటి నిర్ణయం ఇంజినీరు గదిలో కూర్చుని ఒక్కడే తీసుకోకూడదు. నీటిలో నడవవలసిన వారి ముందు, ఖర్చు సహా పెట్టి తీసుకోవాలి. ఈ విషయంలో వారికి పూర్తి మార్కులు వేస్తాను.

ఇక పారే నీటి లెక్క. పాఠకులలో ఎవరైనా తమ నివేదికను తామే సరిచూసుకోవాలంటే ఈ లెక్క కష్టమైనది కాదు. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10 ఘనపు మీటర్ల నీరు. ఉదాహరణకు 20 హెక్టార్ల పేటలో గంటకు 60 మి.మీ. వాన పడి, అందులో నూటికి 80 వంతులు ఇంకకుండా కాలువలోకి వస్తే, గంటలో 9,600 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు సుమారు 2.67 ఘనపు మీటర్లు పారాలి. మీటరున్నర వెడల్పు, మీటరున్నర నీటి లోతు ఉన్న సిమెంటు కాలువ, వెయ్యి మీటర్లకు ఒక మీటరు వాటంతో ఉంటే, సెకనుకు దాదాపు 3 ఘనపు మీటర్లు తీసుకుపోగలదు. కాబట్టి కాగితం మీద సరిపోయింది. అయితే ఆ నూటికి 80 అన్న అంకె ఎక్కడిది? మొదటి ముసాయిదాలో కన్సల్టెన్సీ వారు ఇప్పుడున్న ఖాళీ స్థలాలను, పెరళ్లను లెక్కలోకి తీసుకుని వేసిన అంకె అది. పదేళ్లలో ఆ ఖాళీ స్థలాల్లో అపార్టుమెంట్లు లేచి, సెల్లార్లు, సిమెంటు ఆవరణలు వస్తాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో పట్టణ వరదలపై ఇచ్చిన మార్గదర్శకాల్లో, కొత్తగా కట్టే కాలువలకు ఈ గుణకాన్ని 0.95 వరకు, అంటే నూటికి 95 వంతుల వరకు, తీసుకోవాలని స్పష్టంగా చెప్పింది. ఆ లెక్కన అదే పేటకు సెకనుకు 3.17 ఘనపు మీటర్లు కావాలి. పైన చెప్పిన కాలువ చాలదు. రెండో ముసాయిదాలో ఈ మార్పు చేసి కాలువ వెడల్పు పెంచారు. మొదటే ఎందుకు చేయలేదని అడిగితే, అంచనా వ్యయం పెరిగితే ప్రతిపాదన మంజూరు కాదేమోనని తగ్గించామన్నారు. ఇది నాకు నచ్చని జవాబు. మంజూరు చేసేవారి చేయి ఎంత దూరం చాస్తుందో చూసి వాన తగ్గి కురవదు.

ఈ సేవలో అన్నిటికంటే పెద్ద లోపం కాలువ చివర బయటపడింది. మా ప్రధాన కాలువ ఒక తూము ద్వారా సాగు కాలువలో కలుస్తుంది. మొదటి ముసాయిదా ఆ తూము దగ్గర సాగు కాలువలో నీటి మట్టాన్ని వేసవిలో కొలిచి, అక్కడికి మా కాలువ అడుగు మీటరుకు పైగా ఎత్తున ఉందని, నీరు ధారాళంగా పడిపోతుందని రాసింది. కృష్ణా డెల్టా సంగతి తెలిసినవారికి ఇందులో తప్పు వెంటనే అర్థమవుతుంది. 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చాక కూడా, నగరం మధ్య నుంచి పోయే ఏలూరు, రైవస్, బందరు కాలువలు పొలాలకు నీరిచ్చే కాలువలే తప్ప మురుగు తీసుకునే కాలువలు కావు. వేసవిలో అవి అడుగంటి ఉంటాయి. ఖరీఫ్‌కు నీరు వదిలాక నిండుగా పారుతాయి. వానలు కురిసేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. అంటే మా కాలువకు దారి కావలసిన రోజునే ఆ దారి మూసుకుపోయి ఉంటుంది.

ఇది మేము లెక్కలు వేసి కనిపెట్టింది కాదు. ఆ కాలువ మీద ఏళ్ల తరబడి లస్కరుగా, అంటే కాలువ నీటిని కనిపెట్టి చూసుకునే ఉద్యోగిగా, పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తూము దగ్గరే ఉంటారు. రెండో విడత పరిశీలనకు కన్సల్టెన్సీ యువ ఇంజినీరును ఆయన దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన గట్టు మీది రాతిని చూపించి, "కాలవ వదిలిం తర్వాత నీళ్లు ఈ రాయి దాకా వస్తాయి బాబూ. అప్పుడా తూము నోరే కనపడదు. మీ నీళ్లు ఇటు రావటం కాదు, మా నీళ్లే మీ ఈదిలోకి ఎగదన్నుతాయి" అన్నారు. ఆ ఇంజినీరు మారు మాట్లాడకుండా ఆటో లెవెల్ తెప్పించి ఆ రాతి మీది నీటి గుర్తు మట్టాన్ని తీసుకున్నాడు. మా కాలువ అడుగు కంటే అది ఎంతో ఎత్తులో ఉంది. మా పల్లపు వీధుల రోడ్డు మట్టానికి కొద్దిగానే తక్కువ. ఒక్క పూట గట్టు మీద నిలబడి అడిగితే తెలిసే సంగతి, అన్ని పేజీల మొదటి ముసాయిదాలో లేకపోవడం చిన్న లోపం కాదు.

ఇదే చిక్కు మరింత పెద్ద ఎత్తున ముంబైలో కనిపిస్తుంది. అక్కడి వాన నీటి కాలువలు గంటకు 25 మి.మీ. వానకు కట్టినవి. వాటి సామర్థ్యాన్ని 50 మి.మీ.కి పెంచే బ్రిమ్‌స్టోవాడ్ ప్రణాళిక నివేదిక 1993లోనే వచ్చినా, పనులు ఊపందుకున్నది 2005 జులై 26న శాంతాక్రూజ్ దగ్గర ఒక్క రోజులో 944 మి.మీ. కురిసి నగరం మునిగాకే. ఆ ప్రణాళికలో కాలువలు వెడల్పు చేయడంతో పాటు హాజీ అలీ, ఇర్లా వంటి చోట్ల పంపింగ్ స్టేషన్లు కట్టవలసి వచ్చింది. పోటు సమయంలో సముద్ర మట్టం కాలువ నోటి కంటే ఎత్తుకు లేస్తే నీరు తనంతట తాను పోదు కాబట్టి. మాకు పోటు స్థానంలో సాగు కాలువ ఉంది, అంతే తేడా. పోటు కొన్ని గంటల్లో తీస్తుంది, సాగు కాలువ నెలల తరబడి నిండుగానే ఉంటుంది.

లోపం తెలిశాక వారు చేసిన సవరణ మాత్రం బాధ్యతగానే ఉంది. తూము నోటికి బయటి నీరు లోనికి రాకుండా తనంతట తాను మూసుకునే ఫ్లాప్ గేటు, దాని వెనుక కాలనీ ఆటస్థలాన్ని మీటరు లోతు దించి వాన నీరు తాత్కాలికంగా నిలిచే చోటుగా మార్చడం, పక్కనే పంపులు పెట్టడం అనే మూడు అంగాల పరిష్కారం ప్రతిపాదించారు. ఆటస్థలం నీటిని దాచుకుంటుందంటే కాలనీవారు చాలా ఆశపడ్డారు గాని, లెక్క చూస్తే ఆశకు హద్దు తెలుస్తుంది. రెండు వేల చదరపు మీటర్ల స్థలాన్ని మీటరు దించితే పట్టేది 2,000 ఘనపు మీటర్లు. పైన చెప్పిన 20 హెక్టార్ల ఉదాహరణలో అది పన్నెండు నిమిషాల ప్రవాహానికి సమానం. మిగిలిన 7,600 ఘనపు మీటర్లు తూము మూసుకుని ఉండగా ఎటూ పోలేక, మూడు హెక్టార్ల వీధుల మీద పరుచుకుంటే సగటున పావు మీటరు లోతు నిలుస్తాయి. ఆ నీటిని నాలుగు గంటల్లో ఖాళీ చేయాలంటే సెకనుకు అర ఘనపు మీటరుకు పైగా తోడే పంపులు కావాలి. ఈ అంకెలను దాచకుండా నివేదికలో రాసినందుకు వారిని అభినందించాలి. పంపు నడవడానికి కరెంటు ఉండాలి, గాలివానలో ముందు పోయేది కరెంటే కాబట్టి డీజిల్ జనరేటరు ఉండాలి, నడిపే మనిషి ఉండాలి. వాటి నెలవారీ ఖర్చు మాత్రం నివేదికలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. పంపు కొనడం ఒక్కసారి ఖర్చు, నడపడం ఎప్పటికీ ఉండే ఖర్చు.

అమ్మకపు మాటల విషయంలో ఒక అభ్యంతరం. ఒప్పందానికి ముందు జరిగిన సమావేశంలో వారి ప్రతినిధి, ఈ ప్రణాళిక అమలైతే 2024 నాటి వరద మళ్లీ మీ గుమ్మం ఎక్కదు అన్న ధోరణిలో మాట్లాడారు. అది సరికాదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ వైపు పేటలను ముంచినది వీధిలో కురిసిన వాన ఒక్కటే కాదు. బుడమేరు పొంగి, మళ్లింపు కాలువ గట్టుకు కొండపల్లి ప్రాంతంలో గండ్లు పడి వచ్చిన నీరు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏరు గట్టు తెగినప్పుడు మీటరున్నర వెడల్పు వీధి కాలువ చేయగలిగింది ఏమీ లేదు. వీధి కాలువ పని వీధి వానను కొన్ని గంటల్లో తీసివేయడం. ఏటి వరదకు కావలసినవి గట్లు, మళ్లింపు కాలువ సామర్థ్యం, ఆక్రమణలు లేని ఏటి దారి, ముందస్తు హెచ్చరిక. ఈ రెండింటినీ కలిపేసి భయాన్ని ఫీజుగా మార్చుకునే పద్ధతి మంచిది కాదు. తుది నివేదికలో ఈ తేడాను మేము పట్టుబట్టి ఒక పేరాగా రాయించాం.

మరో చోట వారి అజాగ్రత్త నవ్వు తెప్పించింది. నేల స్వభావం గురించిన అధ్యాయంలో రాతి నేల, గ్రానైటు, గుట్టల వాలు అంటూ వర్ణన ఉంది. మా పేటలో పునాది తవ్విన ఏ మేస్త్రీని అడిగినా నల్లరేగడి, దాని కింద ఒండ్రు అని చెబుతాడు. ఇంకేదో ఊరి నివేదికలోని అధ్యాయం ఇక్కడికి నడిచి వచ్చిందన్నది స్పష్టం. దానితో పాటే ప్రతి వీధిలోనూ ఇంకుడు గుంతలు తవ్వాలన్న సిఫారసు కూడా వచ్చింది. ఇంకుడు గుంత మంచిదే గాని, వానాకాలంలో భూగర్భ జలం పైకి వచ్చి ఉండే చోట, తడిస్తే మూసుకుపోయే రేగడిలో, అది వరద తగ్గించే సాధనంగా పెద్దగా పనికిరాదు. ఆ అధ్యాయాన్ని తీసివేయించాం.

రోడ్డు మీది నీరు కాలువలోకి దిగే ఏర్పాట్ల గురించి నివేదిక చాలా మంచి పని చేసింది. సాధారణంగా కాలువ పరిమాణం మీద ఉన్న శ్రద్ధ, నీరు అందులోకి ఎలా చేరుతుందన్న దాని మీద ఉండదు. కాలువ సగం ఖాళీగా ఉండి రోడ్డు మీద నీరు నిలిచిన దృశ్యం మనలో చాలామంది చూసినదే. రోడ్డు నీరు కాలువలోకి దిగే జాలీల, అంటే గ్రేటింగుల, రంధ్రాలు ఆకులతో, ప్లాస్టిక్‌తో సగం మూసుకుపోతాయన్న లెక్కతోనే వాటి సంఖ్య నిర్ణయించారు. ఇళ్ల ముందు కార్లకోసం కట్టుకున్న ర్యాంపులు ఎక్కడెక్కడ నీటి దారికి అడ్డుగా ఉన్నాయో ఇంటి నంబర్లు లేకుండా పటంలో గుర్తించారు. నంబర్లు వేయకపోవడం వల్ల సమావేశంలో కొట్లాట తప్పింది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర మీద కొత్త పొర వేసుకుంటూ పోవడం వల్ల కొన్ని ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి పోయాయని, ఇకపై పాత పొరను చెక్కి తీసిన తర్వాతే కొత్తది వేయాలని షరతు రాశారు. ఈ షరతు అమలైతే కాలువలకంటే ముందు ఇదే ఉపశమనం ఇస్తుందని నాకనిపిస్తుంది.

పూడిక గురించి ఎంత రాసినా తక్కువే. మీటరున్నర లోతు నీరు పారాలనుకున్న కాలువలో కింద ఒక అడుగు (దాదాపు 30 సెం.మీ.) మందాన పూడిక పేరుకుంటే, దాని సామర్థ్యం దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. మొదట సరిపోయిన కాలువ రెండో ఏటికే చాలకుండా పోతుంది. వాటం వెయ్యికి ఒకటి కాక రెండు వేలకు ఒకటే దొరికితే సామర్థ్యం మరో ముప్పై శాతం పడిపోతుంది, నీటి వేగం తగ్గి పూడిక మరింత చేరుతుంది. డెల్టా నగరాల్లో కాలువ కట్టడంకంటే శుభ్రంగా ఉంచడం ఎందుకు కష్టమో ఈ రెండు అంకెలే చెబుతాయి. ప్రధాన కాలువల పూడికతీత ఏటా మార్చి 31లోగా పూర్తి కావాలని 2010 మార్గదర్శకాలు చెబుతున్నా, ఏ కాలువలోకి యంత్రం దిగగలదు, ఏ పలక లేపవచ్చు, తీసిన మట్టిని ఎక్కడ వేయాలి అన్న వివరాలు డిజైనులోనే లేకపోతే ఆ గడువు కాగితం మీదే ఉంటుంది. తీసిన పూడికను గట్టు మీదే పోసి వెళ్లిపోతే, తొలి వానకే అది తిరిగి కాలువలోకి దిగుతుంది. మా నివేదికలో పలకల మధ్య దూరం, తెరిచే మూతల చోట్లు చూపించారు గాని, మట్టి వేసే స్థలం చూపలేదు. మురుగు గొట్టాలను వాన కాలువలోకి వదిలిన ఇళ్ల సమస్యను కూడా పైపైనే తాకి వదిలేశారు. వేసవిలోనూ మురుగు పారుతూ ఉండే కాలువలో పూడిక తీసే మనిషి పరిస్థితి ఏమిటో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

పనుల క్రమం విషయంలో వారి సూచన అక్షరాలా పాటించదగినది. కాలువ పని ఎప్పుడూ దిగువ చివర నుంచి, అంటే తూము దగ్గర నుంచి మొదలుపెట్టి ఎగువకు రావాలని, ఎగువ వీధుల్లో పెద్ద కాలువ ముందుగా కడితే దిగువ వీధులు ఇప్పటికంటే ఎక్కువగా మునుగుతాయని పెద్ద అక్షరాలతో రాశారు. వినడానికి ఇది చాలా సాధారణమైన సంగతి. కాని ఎగువ వీధిలో పని సులువు, రాకపోకలకు అడ్డంకి తక్కువ, బిల్లు త్వరగా వస్తుంది కాబట్టి కాంట్రాక్టరు సహజంగా అక్కడే గునపం దించుతాడు. అంచనాలు రాష్ట్ర ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారమే వేశారు, అందులో పేచీ పెట్టవలసింది కనబడలేదు.

గడువు విషయంలో ఆలస్యం జరిగింది గాని, అందులో కొంత మా సవరణల వల్లే. ఫోన్ చేస్తే పలికారు, సమావేశానికి పిలిస్తే వచ్చారు, ఆడవాళ్లు అడిగిన ప్రశ్నలకు కూడా విసుగు లేకుండా పటం పరిచి జవాబిచ్చారు. నిజానికి నీరు ఏ ఇంటి మెట్టు దాకా ఎన్ని గంటలు నిలిచిందో కచ్చితంగా చెప్పగలిగింది ఆ ఆడవాళ్లే.

మొత్తం మీద ఈ సేవ సర్వేలో చాలా బాగుంది, కాలువ డిజైనులో పట్టుబడితే బాగుంది, కాలువ చివర సంగతిలోనూ నిర్వహణలోనూ బలహీనంగా ఉంది. ఫీజు దండగ కాలేదు. కాని మాలో ఒక విశ్రాంత ఇంజినీరు, గట్టు మీద ఒక లస్కరు లేకపోయి ఉంటే, మొదటి ముసాయిదానే తుది నివేదికగా అట్ట వేసి చేతిలో పెట్టేవారు. ఇలాంటి సంస్థతో ఒప్పందం రాసుకునేవారు, నీరు చివరకు కలిసే చోట వానాకాలపు గరిష్ఠ మట్టాన్ని కొలిచి చూపాలని, ఖాళీ స్థలాలన్నీ కట్టడాలుగా మారినట్టు భావించి లెక్క వేయాలని, పంపుల నిర్వహణ ఖర్చు ఏడాది వారీగా ఇవ్వాలని, కొలతల మూల పుస్తకం నకలు అప్పగించాలని ముందే షరతులు పెట్టుకోవాలి. మేము చివరి విడత ఫీజును రెండు సంగతులు తేలే వరకు ఆపి ఉంచాం. ఒకటి పూడిక వేసే స్థలం. రెండోది సాగు కాలువలోకి పంపు నీరు వదలడానికి జలవనరుల శాఖ అనుమతి కోరుతూ సమర్పించవలసిన దరఖాస్తుకు కావలసిన పటాలు. పటాలు వచ్చాయి, స్థలం ఇంకా తేలలేదు.